రెండు వైండింగుల మేడమ్

పోయిన వారం పొద్దున్నే ఖాసిం భాయ్ ఫోన్ చేశాడు. "స్టెల్లమ్మా, మేడమ్ పోయిందంట" అన్నాడు. హైదరాబాద్‌లో, తమ్ముడి ఇంట్లో, నిద్రలోనే పోయిందంట. నేను ఏడవాల్సింది పోయి, "ఎవరు చెప్పారు మీకు? చెప్పినాయన చూశాడా?" అని అడిగాను. అవతల ఖాసిం భాయ్ "అచ్చం ఆమె అడిగినట్టే అడిగావమ్మా" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు.

ఏడుస్తూనే మేడమ్ తమ్ముడికి ఫోన్ చేశాను. నిజమే. అయినా ఫోన్ పెట్టేశాక, ఇంకెవర్నన్నా అడుగుదామా అనిపించింది. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళకి అంటుకునే జబ్బు అది.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడ కనపడినా, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని ఆరా తీసే మనిషి. పెళ్ళి శుభలేఖ వచ్చినా అంతే. "వీళ్ళకి నేను పెద్దగా తెలియదే! ఎందుకు పిలుస్తన్నారు?" అని దాన్ని వెనకా ముందూ తిప్పి చూసేది. పెళ్ళికి వెళ్ళేది మాత్రం. వెళ్ళి, పెరుగు వాసన చూసి గానీ వడ్డించుకునేది కాదు. బస్సెక్కితే మరీ. "ఇది మాచర్ల బస్సేనా?" అని కండక్టర్ని అడిగేది. కూర్చున్నాక పక్కనామెని అడిగేది. ఆమె అవునంటే, "మీరు బోర్డు చూశారా, అందరూ ఎక్కుతున్నారని ఎక్కారా?" అనేది. పాపం ఆ పక్కనామె కూడా బెంబేలెత్తి కిటికీలోంచి తల బయటపెట్టి బోర్డు చూడబోయేది.

"చూశావా, అనుకున్నావా?" ఇదీ ఆవిడ మాట. రోజుకి ఎన్నిసార్లు అనేదో లెక్కలేదు. బ్యాటరీ చార్జి ఎక్కింది మేడమ్ అంటే, చూశావా, అనుకున్నావా? టీ వచ్చింది మేడమ్ అంటే, చూశావా, అనుకున్నావా? షెడ్డులో కుర్రాళ్ళు చాటుగా ఆ మాటని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఆవిడకి తెలుసు. నవ్వుకోనిచ్చేది.

ఏ వస్తువునైనా ముందు కుడిచేతి వెనకభాగంతో ముట్టుకునేది. కరెంటు పని నేర్చుకున్నవాళ్ళకి అది అలవాటే. షాక్ కొడితే చెయ్యి ముడుచుకుపోయి ఆ వస్తువునే పట్టుకోకుండా ఉంటుందని. ఆవిడ మాత్రం టమాటాలని కూడా అట్టాగే ముట్టుకునేది. ఒకసారి నాకు జ్వరం వచ్చి సెలవు పెట్టాను. మధ్యాహ్నానికల్లా నా గది తలుపు తట్టింది. లోపలికొచ్చి, నా నుదుటి మీద చేతి వెనకభాగం ఆనించింది. "నిజమే" అంది. సెలవు కోసం అబద్ధం చెప్పానేమో అని చూడ్డానికొచ్చిందన్నమాట. నాకు ఒళ్ళు మండింది, జ్వరం మీద ఇంకో జ్వరం. కానీ ఆవిడ వెళ్ళలేదు. జావ కాచింది, తడిగుడ్డ వేసింది, పొద్దుగూకేదాకా కుర్చీలో కూర్చుంది. మధ్యమధ్యలో మళ్ళీ చెయ్యి ఆనించి చూస్తూనే ఉంది. నేనిచ్చిన థర్మామీటర్ని ఆవిడ నమ్మలేదు.

మాది రెంటచింతల. ఇంజినీరింగ్ అయ్యాక నరసరావుపేటలో ఖాసిం భాయ్ షెడ్డులో చేరాను. ముందువైపు వాళ్ళ నాన్న కాలం నుంచీ ఉన్న మోటారు వైండింగ్ షాపు. పొలాల్లో కాలిపోయిన బోరు మోటార్లన్నీ అక్కడికే వస్తాయి. వెనక రేకుల షెడ్డులో మేము ముగ్గురం సరుకు మోసే కరెంటు ఆటో ఒకటి తయారుచేసేవాళ్ళం. మోటారు డిజైను మేడమ్‌ది, చుట్టేది ఖాసిం భాయ్, కంట్రోలర్లకి ప్రోగ్రాం రాసేది నేను. మేడమ్ పెద్ద కంపెనీలో జీవితమంతా మోటార్లే చేసి, చివరికి తను పుట్టిన పేటకే వచ్చింది. ఒక్కతే ఉండేది. ఊరు ఊరుకుంటుందా? "అంత ఉద్యోగం వదిలేసి ఇక్కడికెందుకొచ్చింది? అక్కడేదో జరిగే ఉంటది" అని మా వీధిలో అనని వాళ్ళు లేరు. ఆవిడ ఊరిని ఎంత అనుమానించిందో, ఊరు ఆవిడని అంతే అనుమానించింది.

ఆవిడ మోటారు గురించి కొంచెం చెప్పాలి. మామూలు మోటారులో ఒక సెట్టు వైండింగ్, అంటే రాగి తీగ చుట్లు, ఉంటుంది. దీంట్లో రెండు సెట్లు, ఒకే చట్రంలో, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కోదానికి విడిగా ఒక కంట్రోలర్. చక్రాన్ని తిప్పే బలాన్ని టార్క్ అంటారు. ఆ బలాన్ని రెండు సెట్లూ చెరిసగం మొయ్యాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక సెట్టు పాడైనా రెండోది పట్టుకోవాలి, బండి వెనక్కి జారకూడదు. అదీ ఆవిడ పంతం. "ఒక్కదాన్నే నమ్ముకున్న బండిలో నేను ఎక్కను" అనేది.

టార్క్‌ని నేరుగా కొలిచే మిషను మా షెడ్డులో లేదు. కరెంటు ఎంత పోతోందో చూసి టార్క్ ఎంత వస్తోందో లెక్కకట్టుకోవాలి. అందుకని ప్రతి కంట్రోలర్‌కీ కరెంటు కొలిచే సెన్సార్లు పెట్టాం. గుండ్రటి ఉంగరాల్లాంటివి, మధ్యలోంచి తీగ పోతుంది. అవి చెప్పినదాన్నిబట్టి కంట్రోలర్ కరెంటు పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ సెన్సార్లని మేడమ్ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కోదాన్నీ తనే సరిచూసి, తనే బిగించింది.

బండి నడిచింది. స్టేడియం పక్క రోడ్డు మీద ఇసుక బస్తాలేసి తిప్పాం. లాప్‌టాప్ మీద రెండు సెట్ల కరెంటూ రెండు గీతలుగా, ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు వచ్చాయి. ఖాసిం భాయ్ స్వీట్లు తెప్పించాడు. మేడమ్ స్వీటు చేతిలో పట్టుకుని మోటారు చుట్టూ తిరుగుతోంది.

"ఏమే స్టెల్లా, రెండో వైండింగ్ ఎందుకింత వేడెక్కుతోంది?" అంది.

వైండింగుల మీద వేడి కొలిచే బిళ్ళలు అతికించి ఉన్నాయి. మొదటి సెట్టు కంటే రెండో సెట్టు వేడిగా ఉందని చూపిస్తున్నాయి. బిళ్ళలు తప్పేమో అన్నాను. దానిది దీనికీ, దీనిది దానికీ మార్చి చూసింది. అయినా రెండోదే వేడి. ప్రోగ్రాంలో తప్పుందేమోనని నన్ను రెండు రోజులు కూర్చోబెట్టి వరసకో ప్రశ్న వేసింది. దొరకలేదు. ఆ తర్వాత ఆవిడ మాట్లాడ్డం మానేసింది. ఖాసిం భాయ్ వైపు చూడ్డం మొదలుపెట్టింది. ఆయన రాగి తీగ ఎక్కణ్ణుంచి తెస్తున్నాడు, ఎవరితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, పాత మోటార్లలోంచి తీసిన తీగ ఎక్కడికి పోతోంది, అన్నీ గమనిస్తోంది. నేను అది చూస్తున్నాను. పాపిష్టిది, అనుమానం అంటుకుంటుంది. నేను కూడా ఖాసిం భాయ్ మూలన పోసిన తీగ చుట్టల వైపు కొత్తగా చూడసాగాను.

ఒకరోజు షాపు ముందు పొలాలవాళ్ళు నలుగురైదుగురు మోటార్ల కోసం వచ్చి కూర్చున్నారు. మిరప తోటలకి తడులు పెట్టే రోజులు. మేడమ్ వెనక షెడ్డులోంచి విసురుగా వచ్చింది.

"ఖాసిం, రెండో సెట్టుకి ఏ తీగ వేశావు?"

"అదే తీగ మేడమ్. ఒకే చుట్టలోది."

"ఒకే కరెంటు పోతోంది రెండిట్లో. ఒకటి వేడెక్కుతోంది, ఇంకోటి ఎక్కడంలేదు. ఒకే తీగ అయితే అట్టా ఎందుకవుద్ది? రాగిపూత వేసిన నాసి తీగ కలిపావా? నిజం చెప్పు."

ఖాసిం భాయ్ మొహం నల్లబడింది. కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన వెనక్కి వెళ్ళి, ఆ మోటారుని విప్పి, చట్రాన్ని రెండు చేతులా ఎత్తి తెచ్చి షాపు ముందు సిమెంటు గచ్చు మీద పెట్టాడు. ఎన్నో రోజులు వంగి కూర్చుని చుట్టిన మోటారు. పైన వార్నిష్ గట్టిపడి ఉంది. కోస్తే తప్ప లోపలి తీగ కనపడదు. కోస్తే ఇక అది మోటారు కాదు.

"వద్దు భాయ్" అన్నాను నేను.

"ఊరుకోమ్మా" అని ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. రెండో సెట్టులోంచి ఒక తీగ చుట్ట ఊడబెరికాడు. మొదటి సెట్టులోంచి ఇంకోటి. రెండిటినీ బ్లేడుతో గీకి ఆవిడ చేతిలో పెట్టాడు. "మా నాన్న ఈ గచ్చు మీదే కూర్చుని చుట్టాడు. ఇంతవరకూ మమ్మల్ని ఈ మాట అన్నోళ్ళు లేరు. చూసుకోండి మేడమ్, ఎండలో పెట్టి చూసుకోండి" అని చెప్పులేసుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ఆవిడ ఎండలోకి వెళ్ళి చూసింది. రెండూ ఎర్రటి రాగే. మందం ఒకటే. చుట్లు ఒకటే. కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి, రిపేరు కాని మోటార్లనే ఆటోల్లో వేసుకుని పోయారు. వాళ్ళు ఆవిడ అన్న మాట విన్నారు. రాగిని చూడ్డానికి ఆగలేదు.

మేడమ్ షెడ్డులోకొచ్చి చానాసేపు బల్ల ముందు నిలబడింది. తర్వాత ఒక లావుపాటి తీగ తీసుకుని, మొదటి కంట్రోలర్ సెన్సార్‌లోంచీ రెండోదాని సెన్సార్‌లోంచీ ఒకే తీగని పోనిచ్చింది. బ్యాటరీ కలిపింది. ఒకే తీగ, కాబట్టి ఒకే కరెంటు. రెండు సెన్సార్లూ ఒకటే అంకె చూపించాయి. అప్పుడు వేడిగాలి కొట్టే గన్ను తీసి రెండిటినీ వెచ్చబెట్టింది. మొదటిదాని అంకె కదల్లేదు. రెండోదాని అంకె మెల్లగా తగ్గడం మొదలైంది.

నాకు అర్థమవడానికి కొంచెం టైం పట్టింది. సెన్సార్ వేడెక్కితే తక్కువ చూపిస్తోంది. కరెంటు చాలట్లేదనుకుని కంట్రోలర్ ఇంకా తోస్తోంది. లాప్‌టాప్ మీద రెండు గీతలూ ఒకటే. లోపల రెండో సెట్టు ఒక్కటే ఎక్కువ బరువు మోస్తూ కాగిపోతోంది. ఆవిడ నన్ను అనుమానించింది, బిళ్ళల్ని అనుమానించింది, ఖాసిం భాయ్‌ని అనుమానించింది. తను సరిచూసిన సెన్సార్లని మాత్రం అనుమానించలేదు. వాటిని చల్లగా ఉన్నప్పుడే చూసింది.

"చూళ్ళేదే నేను" అంది, నాతో కాదు, ఆ అంకెతో. "అనుకున్నాను."

అంతకుముందు ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఖాసిం భాయ్ రాగానే, షాపులో అందరి ముందూ, "తప్పు నాది, ఖాసిం. సెన్సార్‌ది. నీ రాగిది కాదు" అంది. ఆయన తల ఎత్తకుండా, "నాతో చెప్తే ఏముంది మేడమ్? నాకు ముందే తెలుసు కదా. నిన్న పోయినోళ్ళకి తెలవాల" అన్నాడు.

నిజంగానే ఆ వారంలో ఊళ్ళ నుంచి మోటార్లు రావడం తగ్గింది. ఖాసిం నాసి తీగ వేస్తాడంట, వాళ్ళ మేడమే పట్టుకుందంట అనే మాట మాకంటే ముందు రాజుపాలెం దాకా వెళ్ళింది.

మేడమ్ ఆ కోసిన మోటారు చట్రాన్ని ట్రాలీ ఆటోలో పెట్టించింది. నన్ను ఎక్కమంది. ఆ రోజు ఎవరెవరు వచ్చారో వాళ్ళ ఊళ్ళన్నీ తిరిగాం. ప్రతి ఇంటి ముందూ దిగి చెప్పేది. "నేను ఖాసింని అన్న మాట తప్పు. మీరు విన్నారు కాబట్టి మీకు చెప్పడానికొచ్చాను." కొందరు మంచినీళ్ళిచ్చారు. కొందరు సరేలెమ్మన్నారు. ఒకాయన గుమ్మంలోనే నిలబెట్టి, "ఖాసిం పంపిచ్చాడా అమ్మా మిమ్మల్ని?" అని నవ్వాడు. ఆవిడ మొహం పాలిపోయింది. అనుమానపు చూపు తన మీద పడితే ఎట్టా ఉంటుందో ఆవిడకి ఆ గుమ్మంలో తెలిసిందనుకుంటాను.

శావల్యాపురంలో సాంబయ్య అని ఒక పెద్దాయన ఉన్నాడు. ఆ రోజు అందరికంటే ముందు లేచి మోటారు తీసుకుపోయినాయన. మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. ఊడిన తీగ చుట్టని చేతిలో పట్టుకుని తిప్పితిప్పి చూశాడు.

"రాగే. బానే ఉంది. కానీ ఇది ఆ మోటార్లోదే అని నమ్మకమేంది? యాడన్నా తెచ్చి చూపిచ్చొచ్చుగా?"

నాకు కోపం వచ్చింది. మేడమ్‌కి రాలేదు. మొహం ఒక్కసారిగా వెలిగింది. "అడగాల్సిన మాట అడిగారు. ఉలి ఉందా ఇంట్లో?" అంది.

సాంబయ్య ఉలి తెచ్చాడు. ఆవిడ ఆటోలో చట్రం చూపించి, "మీ ఇష్టం వచ్చిన చోట కొయ్యండి. నేను ముట్టుకోను" అని చేతులు వెనక్కి కట్టుకుంది. ఆయన చట్రాన్ని అటూ ఇటూ దొర్లించి, ఎవరూ కొయ్యని వైపు ఎంచుకుని, కొట్టి, ఒక చుట్ట లాగాడు. కత్తితో గీకాడు. ఇంకో చోట కొట్టి ఇంకోటి లాగాడు. చివరికి చెయ్యి దులుపుకుని, "మోటారు రేపు పంపిస్తాలేమ్మా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, "ఈ జిల్లా మొత్తంలో నాకు నచ్చిన మనిషి ఆయనొక్కడే" అంది మేడమ్. సాంబయ్య మోటారు వచ్చింది. ఆయన చెప్తే ఇంకొందరివి వచ్చాయి. కొందరు మాత్రం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అది దాచడం ఎందుకు.

సెన్సార్లు మార్చాం. ఈసారి వేడి చేసి మరీ చూశాం. నన్ను చూడమంది, తను చూసింది, మళ్ళీ ఖాసిం భాయ్‌ని పిలిచి చూడమంది. తర్వాత ఆయన కొత్త మోటారు చుట్టడానికి కూర్చున్నాడు. కూర్చుని పిలిచాడు. గొంతులో ఇంకా ముల్లు ఉంది.

"మేడమ్, ఇట్టా కుర్చీ వేసుకోండి. ప్రతి చుట్టూ చూసుకోండి. వార్నిష్ పోశాక కనపడదు. మళ్ళా కొయ్యడం నా వల్ల కాదు."

ఆవిడ కుర్చీ తెచ్చుకుంది. తెచ్చి, ఆయన పక్కన కాకుండా షాపు గుమ్మంలో వేసింది, రోడ్డు వైపు తిప్పి. లోపలికి వీపు పెట్టి కూర్చుంది. ఆయన చుట్టినన్ని రోజులూ అట్టాగే కూర్చుంది. పోయే లారీల్ని చూసింది, పేపరు చదివింది, వచ్చినవాళ్ళతో మాట్లాడింది. వెనక నుంచి తీగ తిరిగే చప్పుడు వస్తుంటే ఆవిడ మెడ బిగుసుకునేది. ఒకసారి సగం తిరిగింది కూడా. నేను చూశాను. మళ్ళీ రోడ్డు వైపుకే తిప్పుకుంది. మూడో రోజో నాలుగో రోజో ఖాసిం భాయ్ తను తెప్పించుకున్న టీలో సగం ఆవిడకి పంపాడు. ఆవిడ గ్లాసు కడిగారో లేదో అడక్కుండా తాగింది.

ఆ మోటారు బిగించి, బండి నిండా ఇసుక బస్తాలేసి కోటప్పకొండ ఘాట్ రోడ్డుకి తీసుకెళ్ళాం. పొద్దున పూట, జనం లేనప్పుడు. ఖాసిం భాయ్ నడుపుతున్నాడు. నేను పక్కన లాప్‌టాప్ పట్టుకున్నాను. మేడమ్ వెనక బస్తాల మీద కూర్చుంది, చేతిలో మీటరు, పక్కన రెండు సెట్ల స్విచ్చులు. కొండ మధ్యలో, బాగా ఏటవాలుగా ఉన్న మలుపులో, ముందుగా చెప్పకుండా రెండో సెట్టు స్విచ్ ఆపేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి నెమ్మదించింది. మొదటి సెట్టు గీత పైకి లేచింది. బండి జారలేదు. ముక్కుతూ, మూలుగుతూ, పైకే పోయింది. మళ్ళీ స్విచ్ వేసింది. రెండు గీతలూ వచ్చి కలిశాయి. ఆవిడ బ్రేకు లేకుండా మోటారు బలం మీదే బండిని వాలులో నిలబెట్టించి, దిగి, మీటరుని రెండు సెట్ల తీగలకీ తగిలించి చూసింది. అంకె ఒకటే. ఇంకొంచెం పైకి పోనిచ్చి, బాగా వేడెక్కాక మళ్ళీ చూసింది. ఒకటే.

ఖాసిం భాయ్ హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి ఆవిడ వైపు చూశాడు.

"అనుమానం తీరిందా మేడమ్?"

ఆవిడ బస్తాల మీదకి ఎక్కుతూ, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, కాసేపు ఆలోచించింది. ఊరికే తీరిందనడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు.

"మోటారు మీద తీరలేదు. రేపు మళ్ళీ ఎక్కిద్దాం" అంది. "నీ మీదైతే అనుమానమే లేదయ్యా."

ఖాసిం భాయ్ తల మీద టోపీ తీసి, దానితోనే కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, హ్యాండ్ బ్రేకు తీశాడు.